సాయం ఎన్నాళ్ళు చేసినా ఆ కుటుంబాలు సొంత కాళ్ళ మీద ఎందుకు నిలబడటం లేదు?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. మీరు పదిమంది మిత్రులు కలిసి మూడేళ్ళుగా 40 పేద కుటుంబాలకు సాయం చేస్తున్నారు. నెలనెలా సరుకులు, పిల్లల ఫీజులు, జబ్బు చేస్తే మందుల ఖర్చు ఇస్తున్నారు. కిందటేడు 12 మంది ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు కూడా కొనిచ్చారు. అయినా ఇప్పటిదాకా ఒక్క కుటుంబం కూడా "ఇక మాకు అక్కర్లేదు" అనే స్థితికి రాలేదు. "మేమే వాళ్ళను సోమరులను చేస్తున్నామా? ఆపేస్తే వాళ్ళ దారి వాళ్ళు వెతుక్కుంటారా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆపకండి. వాళ్ళు సోమరులు కాలేదు. మీరు ఇస్తున్న వాటిలో తప్పు లేదు, ఇస్తున్న తీరులో ఉంది. ఒక ఇంటికి సరుకులు, ఒక ఇంటికి ఫీజు, ఇంకో ఇంటికి మిషన్ అన్నట్టు సాయం ముక్కలుగా అందుతోంది. నెల గడవడానికి కొంత ఆసరా, సంపాదనకు ఒక ఆధారం, ఆపద వస్తే తీసి వాడుకోవడానికి కొంత పొదుపు, రెండేళ్ళపాటు ఆ ఇంటికి వచ్చిపోయే ఒక మనిషి. ఈ నాలుగూ ఒకే ఇంట్లో ఒకే కాలంలో కలిసినప్పుడు చాలా కుటుంబాలు నిలదొక్కుకోవడం నేను చూశాను. ఒకటి తగ్గితే మిగతా మూడూ కరిగిపోవడం కూడా చూశాను.

నేను ఈ పనిలో 22 ఏళ్ళుగా ఉన్నాను. మొదటి తొమ్మిదేళ్ళు ఇంటింటికీ తిరిగే ఫీల్డ్ వర్కర్‌ని. ఆ తర్వాత కొత్తగా చేరేవాళ్ళకు శిక్షణ ఇస్తూ, వాళ్ళకు చిక్కుముడిగా అనిపించిన కుటుంబాలను నేను కూడా వెళ్ళి చూస్తున్నాను.

ముందు సోమరితనం సంగతి తేల్చేద్దాం. ఈ అనుమానం మీకే కాదు, ప్రపంచమంతా ఉంది. దాన్ని పరీక్షించి చూసినవాళ్ళూ ఉన్నారు. అభిజిత్ బెనర్జీ, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి ఆరు దేశాల్లో జరిగిన ఏడు నగదు సాయం పథకాల లెక్కలను మళ్ళీ తిరగేశారు. సాయం అందుతోంది కదా అని జనం పని మానేశారనడానికి వాటిలో ఆధారం దొరకలేదని 2017లో ప్రచురించారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ నిరుపేద ఆడవాళ్ళకు పశువులు ఇచ్చినప్పుడు వాళ్ళు అంతకు ముందుకంటే ఎక్కువ గంటలు పనిచేశారు. 1,309 గ్రామాల్లో, 21,000 కుటుంబాలను ఏడేళ్ళపాటు గమనించి చెప్పిన మాట ఇది. ఓపిక వాళ్ళకు ముందునుంచీ ఉంది. ఏడాది పొడవునా చేసుకోవడానికి పని లేదు, అంతే.

ఇక మీ కుట్టు మిషన్ల దగ్గరికి వద్దాం. పన్నెండింటిలో ఎన్ని ఇప్పుడు నడుస్తున్నాయో మీరు రాయలేదు. ఒకసారి వెళ్ళి చూసి రండి. నాకు తెలిసి కొన్ని మూలన గుడ్డ కప్పి ఉంటాయి, కొన్ని ఇంట్లో ఉండవు.

నేను చేరిన రెండో ఏడు ఒకామెకు మిషన్ ఇప్పించాను. మంచి పనిమంతురాలు, శిక్షణలో అందరికంటే ముందుండేది. నాలుగు నెలలు బాగా నడిచింది. ఐదో నెలలో భర్తకు పని దగ్గర చెయ్యి నలిగింది. మూడు వారాలు కూలి లేదు, ఆసుపత్రి ఖర్చు మీద పడింది. నేను వెళ్ళేసరికి మిషన్ తాకట్టులో ఉంది. ఆమె నా ముందు తలెత్తలేదు. మా ఆఫీసులో ఆ ఫైలు మీద "వినియోగించుకోలేదు" అని రాశారు. నేను కూడా సంతకం పెట్టాను. ఆ సంతకం తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆమె మిషన్‌ను చాలా చక్కగా వినియోగించుకుంది. మొగుడి చెయ్యి బాగుచేయించడానికి ఆ ఇంట్లో తాకట్టు పెట్టగలిగిన వస్తువు అదొక్కటే. మేం ఆమెకు సంపాదన ఆధారం ఇచ్చాం గానీ, ఆపద వచ్చినప్పుడు దాన్ని కాపాడుకునే పొదుపు ఇవ్వలేదు.

ఈ మాటను పెద్ద ఎత్తున పరీక్షించినవాళ్ళు ఉన్నారు. 2002లో బ్రాక్ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. చిన్న అప్పులిచ్చే పథకాలు అట్టడుగున ఉన్నవాళ్ళను అందుకోలేకపోతున్నాయని వాళ్ళకు అప్పటికే అర్థమైంది. అందుకని పశువులో మరొకటో ఒక ఆస్తి, కొన్ని నెలలు ఇల్లు గడవడానికి భత్యం, శిక్షణ, పొదుపు, వైద్యం, తరచూ ఇంటికొచ్చే కార్యకర్త అన్నిటినీ కలిపి సుమారు రెండేళ్ళు ఇచ్చారు. దీన్నే ఇప్పుడు గ్రాడ్యుయేషన్ పద్ధతి అంటున్నారు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, ఇండియా, పాకిస్తాన్, పెరూ దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాలతో దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పథకం ముగిసిన ఏడాది తర్వాత చూసినా చాలావరకు మెరుగుదల నిలిచే ఉంది. పశ్చిమ బెంగాల్‌లో అయితే పదేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా ఆ కుటుంబాలు మిగతావాళ్ళకంటే మెరుగ్గానే ఉన్నాయి. ఘనాలో ఇంకో పని కూడా చేశారు. కొందరికి మేకలు మాత్రమే ఇచ్చి, కొందరికి పొదుపు సదుపాయం మాత్రమే కల్పించి చూశారు. ఆ విడి ముక్కలు వేటికీ నిలిచే ఫలితం రాలేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తాకట్టు మిషనే.

మీరు చేయగల అతి కష్టమైన పని: కుటుంబాల సంఖ్య తగ్గించుకోవడం. ఇది చెప్పడానికి నాకే మనసొప్పదు, కానీ చెప్పకపోతే ఈ సమాధానం రాసి ఉపయోగం లేదు. 40 ఇళ్ళకు పలచగా పంచితే ఏ ఇల్లూ గట్టెక్కదు. ఇందాక చెప్పిన బంగ్లాదేశ్ లెక్కల్లోనే తర్వాత ఒక విషయం బయటపడింది. ఆస్తి ఒక స్థాయి దాటినవాళ్ళు అక్కణ్ణుంచి తమంతట తామే పెంచుకుంటూ పోయారు. ఆ స్థాయికి కాస్త కిందే ఆగిపోయినవాళ్ళు మెల్లగా మళ్ళీ మొదటికి జారారు. నూతిలో పడ్డవాడికి సగం వరకు వచ్చే తాడు వేసినట్టు ఉంటుంది కొంచెం కొంచెం సాయం. ఆ సగం తాడు కోసం మనం పడ్డ కష్టం తక్కువేమీ కాదు, అయినా మనిషి పైకి రాడు.

అలాగని ఆరు ఇళ్ళు ఎంచుకుని మిగతా 34 ఇళ్ళకు రేపటి నుంచి సరుకులు ఆపమని కాదు. ఇప్పుడిస్తున్నది అందరికీ ఇస్తూనే ఉండండి. కొత్తగా సేకరించే డబ్బు, ముఖ్యంగా మీ పదిమంది సమయం, ఆరు ఇళ్ళ మీద పెట్టండి. అవి గట్టెక్కాక తర్వాతి ఆరు.

ఏ ఆరు? దీనికోసం ముందు మీ 40 ఇళ్ళను మూడు రకాలుగా చూడటం నేర్చుకోవాలి.

కొన్ని ఇళ్ళు మామూలుగా బాగానే నడుస్తూ ఉంటాయి, ఒక దెబ్బతో పడిపోతాయి. ఉద్యోగం పోవడం, ఆపరేషన్, అద్దె బకాయి లాంటివి. వీళ్ళకు రెండేళ్ళ పథకం అక్కర్లేదు. ఆ ఒక్క గండం దాటించే డబ్బు సమయానికి అందితే చాలు. షికాగోలో ఇల్లు పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసే ఒక సహాయ కేంద్రం ఉంది. అక్కడ నిధి కొన్ని రోజులు ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. నిధి ఉన్న రోజున ఫోన్ చేసినవాళ్ళు ఆ తర్వాతి ఆరు నెలల్లో నిరాశ్రయుల షెల్టర్‌కి చేరడం, లేని రోజున చేసినవాళ్ళతో పోలిస్తే 76 శాతం తక్కువగా ఉందని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. ఒక్కసారి ఇచ్చిన చిన్న మొత్తం అంత పని చేసింది. కాబట్టి మీ నిధిలో కొంత భాగం ఎప్పుడూ ఇలాంటి అత్యవసరాలకు విడిగా ఉంచండి. ఇవ్వాల్సి వస్తే రెండు మూడు రోజుల్లో ఇవ్వండి. కమిటీ కూర్చుని నెల తర్వాత ఇచ్చేసరికి ఆ ఇంటివాళ్ళు వడ్డీ వ్యాపారి దగ్గర సంతకం పెట్టేసి ఉంటారు.

ఇంకొన్ని ఇళ్ళలో సంపాదించగల మనిషే ఉండరు. మంచం పట్టిన మనవణ్ణి చూసుకునే ముసలమ్మ ఒకరు నా దగ్గర ఎనిమిదేళ్ళు ఉన్నారు. ఆమెను "స్వావలంబన" జాబితాలో పెట్టి ప్రతి ఏడూ "పురోగతి లేదు" అని రాసేవాళ్ళం. ఎంత అన్యాయమో చూడండి. ఆమె రోజుకు పదహారు గంటలు పనిచేసేది, ఆ పనికి ఎవరూ జీతం ఇవ్వరు గనక అది మా ఫారంలో పట్టలేదు. ఇలాంటి ఇళ్ళకు జీవితాంతం సాయం కావాలి, అది ప్రభుత్వం నుంచి పెన్షన్ రూపంలో రావాలి. మీ పని ఆ పెన్షన్ ఇప్పించడం, అది వచ్చేదాకా ఆదుకోవడం.

ఈ రెండు రకాలూ పోగా మిగిలేవాళ్ళు, చేతిలో ఓపిక ఉండీ ఏళ్ళ తరబడి అక్కడే తిరుగుతున్నవాళ్ళు. మీ ఆరు కుటుంబాలు వీళ్ళలోంచి రావాలి. కొంతమంది అందరికంటే చురుకైనవాళ్ళను ఎంచుకుంటారు, ఫలితాలు బాగా కనిపిస్తాయని. దయచేసి అలా చేయకండి. వాళ్ళు మీరు లేకపోయినా ఎలాగో బయటపడతారు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏం చేయాలి? నేనైతే అప్పుల దగ్గర మొదలుపెడతాను. ఆదాయం పెంచే మాట ఆ తర్వాతే. వారం వాయిదాలు, రోజు వాయిదాలు, తాకట్లు, చుట్టాల దగ్గర చేబదుళ్ళు, కొట్టులో ఖాతా అన్నీ ఒక కాగితం మీద రాయాలి. ఇది ఒక్క రోజులో తేలే పని కాదు. మొదటిసారి అడిగినప్పుడు రెండు అప్పులు చెప్తారు. మూడో నెలలో నమ్మకం కుదిరాక ఇంకో రెండు చెప్తారు. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చే ఏర్పాటు చేయాలి. మీరే డబ్బిచ్చి ఒకేసారి తీర్చేయడం మంచిదేనా అని చాలామంది అడుగుతారు. నేను రెండు విధాలా చేసి చూశాను. మొత్తం మేమే తీర్చిన ఇళ్ళలో ఎక్కువ భాగం ఏడాదిలో మళ్ళీ అప్పు పుట్టింది, ఎందుకంటే అప్పు చేయించిన కారణం అలాగే ఉంది. వాళ్ళు కట్టే ప్రతి వాయిదాకు మేం కూడా కొంత కలిపిన ఇళ్ళలో నెమ్మదిగా తీరింది, కానీ మళ్ళీ మొలవలేదు. ఆ వాయిదా అలవాటే అప్పు తీరిన తర్వాత నెల నుంచి పొదుపుగా మారింది. ఆ నెల మాత్రం వదలకండి. వాయిదా కట్టే రోజునే, అదే మొత్తం పొదుపు ఖాతాలో పడేలా చూడండి. ఒక్క నెల ఖాళీ వస్తే ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది.

అప్పుల టెన్షన్ మనిషి ఆలోచనను ఎలా కమ్మేస్తుందో మనం తక్కువ అంచనా వేస్తాం. తమిళనాడులో చెరకు రైతులకు పంట డబ్బు చేతికి రాకముందు, వచ్చిన తర్వాత ఒకే రకమైన బుద్ధి పరీక్షలు పెట్టారు. డబ్బు రాకముందు అదే రైతు వెనకబడ్డాడని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. "ఎన్నిసార్లు చెప్పినా ఫారం నింపుకుని రాలేదు" అని మీ మిత్రుల్లో ఎవరికైనా విసుగొస్తే ఈ సంగతి చెప్పండి. ఆ ఇంటావిడ తలలో ఆ రోజు సాయంత్రం వాయిదా తప్ప ఇంకేమీ పట్టదు.

తర్వాత సంపాదన. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, ఏ పని చేయాలో మనమే నిర్ణయించడం. పన్నెండు మందికీ కుట్టు మిషన్లే ఎందుకిచ్చారు? ఒకే వీధిలో పన్నెండు మంది కుడితే కుట్టించుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఒకావిడ నాతో రెండుసార్లు చెప్పింది, "నాకు కూర్చుని చేసే పని పడదమ్మా, నడుం పట్టేస్తుంది" అని. నేను వినలేదు. శిక్షణకు పంపాను, ఆమె మానేసింది. ఏడాది పోయాక ఆమె తనంతట తానే ఆసుపత్రిలో రోగులకు సహాయకురాలిగా చేరింది, ఇప్పటికీ అదే పనిలో ఉంది. ఆ పని గురించి ఆమె మొదటి రోజే చెప్పింది, నా ఫారంలో ఆ గడి లేదు. గ్రాడ్యుయేషన్ పద్ధతిని పరీక్షించిన ఆరు దేశాల్లో హోండురాస్‌లో ఫలితం దెబ్బతినడానికి ఒక పెద్ద కారణం కోళ్ళు. చాలామంది కోళ్ళు తీసుకున్నారు, జబ్బు వచ్చి ఎక్కువ భాగం చచ్చిపోయాయి. శిక్షణ, భత్యం, కార్యకర్త అన్నీ ఉన్నాయి, ఆధారమే పోయింది. అందుకే ఏ పని ఎంచుకున్నా ఇది ఆగిపోతే రెండో ఆదాయం ఏది అని మొదటి రోజే అడగండి. నేను చూసిన ఇళ్ళలో నిలబడినవాటికి దాదాపుగా రెండు రకాల రాబడి ఉంది, ఒకటి చిన్నదైనా సరే.

అందరూ సొంత వ్యాపారం చేయలేరు, చేయాలని ఉండదు కూడా. నెల జీతం వచ్చే చిన్న ఉద్యోగం చాలా ఇళ్ళకు మిషన్ కంటే మేలు. అప్పుడు మీరు పెట్టాల్సిన ఖర్చు వస్తువు మీద కాదు, మొదటి జీతం వచ్చేదాకా రాకపోకల ఖర్చు మీద, పసిపిల్లను చూసుకునే మనిషి మీద. ఉద్యోగం దొరికీ మానేసిన తల్లుల్లో ఎక్కువమంది పిల్లను ఎక్కడ వదలాలో తెలియకే మానేశారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. ఆ ఇంటికి వెళ్ళే మనిషి. మీ పదిమందిలో నెలకొకరు వంతులవారీగా వెళ్తున్నామని రాశారు. అది మార్చండి. ఒక ఇంటికి ఒకే మనిషి, రెండేళ్ళు. మొదటి ఆరు నెలలు వారానికోసారి, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి, చివర్లో నెలకోసారి. టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో, పేద విద్యార్థులు మధ్యలో కాలేజీ మానేయకుండా ఒక కార్యక్రమం నడిపి పరీక్షించారు. కొందరికి అత్యవసర డబ్బు మాత్రమే, కొందరికి డబ్బుతో పాటు వెంట ఉండి చూసుకునే కార్యకర్త. డబ్బు ఒక్కటే ఇచ్చినప్పుడు తేడా ఏమీ రాలేదు. మనిషి కూడా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చదువు పూర్తిచేసినవాళ్ళు పెరిగారు.

ఆ మనిషి ఏం చేస్తారు? సలహాలు తక్కువ, పనులు ఎక్కువ. నా రెండు దశాబ్దాల్లో నాకు ఎక్కువ సమయం పట్టిన పని కాగితాలు సరిచేయించడం. ఒక గుర్తింపు కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో దాంట్లో వెనక. ఆ ఒక్క తేడాతో ఒకాయనకు నాలుగేళ్ళు వికలాంగుల పెన్షన్ ఆగిపోయింది. ఆఫీసులో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పంపేవాళ్ళు. ఆయనకు అరపూట పని పోతే ఆ రోజు ఇంట్లో గడవదు, అందుకని వెళ్ళడం మానేశాడు. నేను ఆయనతో పాటు మూడుసార్లు వెళ్ళాను, పని అయింది. నాకేదో పలుకుబడి ఉందని కాదు, తెల్లబట్టలు వేసుకుని పక్కన నిలబడ్డాను, అంతే. ఇది తలచుకుంటే కోపమూ వస్తుంది, కానీ ఆ కోపం తర్వాత, ముందు ఆయన పెన్షన్. చిలీ దేశంలో 2002లో చిలీ సొలిదారియో అనే కార్యక్రమం మొదలైంది. ఒక్కో కుటుంబానికి రెండేళ్ళపాటు ఒక సామాజిక కార్యకర్త ఉండేవారు. కుటుంబంతో కూర్చుని 53 కనీస పరిస్థితుల్లో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అని చూసుకుంటూ వెళ్ళేవారు. తర్వాత లెక్కలు చూస్తే, ఆ కుటుంబాలు తమకు ముందే హక్కుగా ఉండి తీసుకోని భత్యాలను అందుకోవడం బాగా పెరిగింది. అంటే మీ జేబులోంచి రూపాయి పెట్టకుండా ఆ ఇంటికి వచ్చే ఆదాయం ఇది. మీ 40 ఇళ్ళలో ఈ ఒక్క పని చేసినా కొన్నిటికి మీ సరుకుల అవసరం తగ్గుతుందని నా నమ్మకం.

సాయం ఎలా ముగించాలన్నది మీరు అడగలేదు, కానీ ఎక్కువ కుటుంబాలు మళ్ళీ పడిపోయేది అక్కడే. మేం ఒకప్పుడు ఒక ఆదాయ పరిమితి పెట్టుకున్నాం. అది దాటితే సాయం ఆపేయాలి. ఒక తల్లికి కాపలా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతోనే పరిమితి దాటింది, కొంచెమే. అదే నెలలో అద్దె సాయం, ఇద్దరు పిల్లల ఫీజు, సరుకులు మూడూ ఆగిపోయాయి. లెక్క వేస్తే ఉద్యోగం లేని నెలకంటే ఉద్యోగం ఉన్న నెలలో ఆమె చేతిలో తక్కువ మిగిలింది. మూడో నెలలో మానేసింది. కమిటీలో ఒకరు "చూశారా, వాళ్ళకు ఊరికే తినడం అలవాటైంది" అన్నారు. నేను ఆ రోజు లెక్క కాగితం తీసి అందరి ముందు పెట్టాను. ఆమె చేసింది ఏ తల్లి అయినా చేసేదే. తప్పు మా నిబంధనది.

అందుకని, సంపాదన మొదలైన నెలలో సాయం ఆపకండి, తగ్గించకండి కూడా. కనీసం ఆరు నెలలు పూర్తిగా కొనసాగించండి. తర్వాత ఒక్కోటీ తగ్గించండి. అది కూడా ముందే తారీఖులతో చెప్పి. బ్రెజిల్‌లో పేద కుటుంబాలకు నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా పథకాన్ని 2023లో తిరిగి ప్రారంభించినప్పుడు ఇలాంటి ఏర్పాటే పెట్టారు. ఆదాయం ఒక హద్దు దాటినా కుటుంబాన్ని వెంటనే తీసేయకుండా, కొంతకాలం సగం మొత్తం ఇస్తారు. అమెరికాలో ప్రభుత్వ సాయంతో అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు 1990 నుంచి ఒక పథకం ఉంది. సంపాదన పెరిగితే వాళ్ళు కట్టాల్సిన అద్దె కూడా పెరుగుతుంది కదా, ఆ పెరిగినదానికి బదులుగా ఒక మొత్తాన్ని వాళ్ళ పేరు మీద పొదుపు ఖాతాలో జమ చేస్తారు. పెట్టుకున్న లక్ష్యాలు పూర్తయ్యాక అది వాళ్ళది. మీరు చిన్న స్థాయిలో ఇదే చేయవచ్చు. సరుకుల సాయం తగ్గించే నెలలో, తగ్గించిన దాంట్లో కొంత వాళ్ళ పొదుపులో వేయండి. సాయం పోయిందన్న భయం ఉండదు, ఖాతా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఇంటి లోపలి సంగతులు కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. ఆమె సంపాదిస్తే ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? తాగుడు, కొట్టడం ఉన్న ఇంట్లో ఆడమనిషి ఆదాయం పెరగడం ఆమెకే ప్రమాదం కావచ్చు. రెండు ఇళ్ళలో నేను దీన్ని ఆలస్యంగా చూశాను. ఇప్పుడు కొత్తవాళ్ళకు చెప్పేది ఒకటే: కొన్నిసార్లు ఆమెతో విడిగా మాట్లాడండి, కొన్నిసార్లు భర్తను, అత్తగారిని కూర్చోబెట్టి ఈ పని వల్ల వాళ్ళకేం మేలో వివరంగా చెప్పండి. హింస ఉందని తెలిస్తే మీరే సర్దిచెప్పే ప్రయత్నం చేయకండి, ఆ పని తెలిసిన సహాయ కేంద్రానికి ఆమెను చేర్చండి. కుంగుబాటు కూడా అంతే. రోజంతా పడుకునే మనిషిని బద్ధకస్తురాలని రాసుకోకుండా డాక్టరుకు చూపించండి. నైజర్ దేశంలో నగదుతో పాటు ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి చర్చలు పెట్టి, ఆడవాళ్ళకు ధైర్యం, లక్ష్యాల గురించి శిక్షణ ఇచ్చిన చోట, పెట్టిన ఖర్చుకు మంచి ఫలితం వచ్చిందని 2022లో ప్రచురించారు. మనం "మెత్తని పనులు" అని పక్కన పెట్టేవి అవి.

కుటుంబం నిలదొక్కుకుందని ఎలా తెలుస్తుంది అని మీరు చివర్లో అడిగారు. నేను ఆదాయం అంకె ఒక్కటే చూడను, అది నెలనెలకూ మారుతుంది. ఒక ప్రశ్న అడుగుతాను: "ఒక నెల రాబడి అంత ఖర్చు హఠాత్తుగా వస్తే ఎక్కడి నుంచి తెస్తారు?" మొదటి ఏడు "మీరే ఇవ్వాలి" అంటారు, లేదా వడ్డీ వ్యాపారి పేరు చెప్తారు. ఏదో ఒక రోజు "కొంత ఖాతాలో ఉంది, కొంత మా సంఘంలో తీసుకుంటాను" అంటారు. చుట్టాల దగ్గరో సంఘంలోనో తీసుకోవడాన్ని పరాధీనత అనుకోవద్దు. మీరూ నేనూ కష్టమొస్తే అదే చేస్తాం.

ఇక ఈ నెలలో మీరు చేయగలిగింది. మీ పదిమందిలో వారం వారం నిజంగా వెళ్ళగలిగినవాళ్ళు ఎంతమందో తేల్చుకోండి. ముగ్గురే అయితే మూడు ఇళ్ళే తీసుకోండి, ఆరు వద్దు. ముందుగా ఆ మూడు ఇళ్ళవాళ్ళను పిలిచి రెండేళ్ళ సంగతి మొత్తం చెప్పండి, ఏది ఎప్పటిదాకా ఉంటుందో, ఎప్పటి నుంచి తగ్గుతుందో కాగితం మీద రాసి ఒక ప్రతి వాళ్ళకివ్వండి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి. మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు పుస్తకం, పెన్ను సంచిలోనే ఉండనివ్వండి. అప్పుల గురించి అడగకండి, ఫోటోలు తీయకండి. ఇంతకుముందు ఏ పని బాగా చేసేవాళ్ళో, ఏ పని చేస్తే బాగుండనిపిస్తుందో అడిగి, చెప్పింది పూర్తిగా విని రండి. మళ్ళీ ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తారో చెప్పి, సరిగ్గా ఆ వేళకు వెళ్ళండి.

ఆ పన్నెండు మిషన్ల గురించి చూసి వచ్చాక రాయండి. తాకట్టులో ఉన్నవాటిని విడిపించాలా వద్దా అన్నది ఒక్కో ఇంటిని బట్టి చెప్పాలి, వివరాలు పెడితే తప్పకుండా చెప్తాను.